అడుగునకు లిపి: కాలము, పాదము, భారము

1. ప్రస్తావన

పద్యమందలి పంక్తిని మనము పాదమందుము. లయ విశేషమును గతి యందుము. తెలుగున నడక యందుము. రగడలకు లాక్షణికులు పెట్టిన పేర్లు కూడ ఇట్టివే. తురగవల్గనము గుఱ్ఱపు దుముకు. ద్విరదగతి ఏనుగు నడక. హరిణగతి లేడి నడక. వృషభగతి ఎద్దు నడక. మొదటిదానిలో మూడు మాత్రల నడకయు, రెండవదానిలో అయిదు మాత్రల నడకయు, చివరి రెండింటిలో మూడును నాలుగును కలిసిన ఏడు మాత్రల నడకయు గలవు. కాలమును కొలువబూనిన మన పూర్వులకు మొదట కంటబడినది నడచుచున్న పాదమే యని ఈ నామములు తెలుపుచున్నవి.

అయినను ఇందొక వింత గలదు. పాదమునుండి పేరు తెచ్చుకొన్న ఛందస్సునకు చక్కని లిపి యేర్పడినది. పింగళుని నాటినుండి ‘ల’, ‘గ’ అను రెండక్షరములతో ఎంతటి వృత్తమునైనను వ్రాసి చూపవచ్చును. పాఠశాల విద్యార్థియు గురులఘువులను గుర్తించి గణవిభజన చేయగలడు. కాని నేలపై పడెడి నిజమైన పాదమునకు మనలో అట్టి వాడుక లిపి లేదు. నర్తకుడు వేసిన అడుగును చూచినవాడు చూడనివానికి కాగితముపై తెలుపవలెనన్నచో మాటలు వెదకికొనవలసివచ్చుచున్నది.

ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటే. అడుగును వ్రాయుటయన కాలము, పాదము, భారము అను మూడింటిని వేఱువేఱుగ వ్రాయుట. ఏ క్షణమున అడుగు పడినది అనునది కాలము. ఏ కాలు, దానిలో ఏ భాగము నేలను తాకినది అనునది పాదము. శరీరపు బరువు ఆ కాలిమీదికి వచ్చినదా, రాలేదా అనునది భారము. మొదటి రెండింటికి మన శాస్త్రములలో సామగ్రి సమృద్ధిగ నున్నది. మూడవది మన సేకరణలలో తఱచుగా లోపించుచున్నది. అది లోపించినచో మొదటి రెండును ఉన్నను అడుగు మఱల లేచి నిలువదు.

2. లోపించిన గుర్తు

ఈ సంగతి నాకు గ్రంథములవలన గాక నా తప్పిదమువలన తెలిసినది. కావున దానినే ముందు చెప్పెదను.

తప్పెటగుళ్లు శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ ప్రాంతముల యాదవుల కళ. ఎదపై కట్టుకొన్న గుండ్రని తప్పెటను రెండు చేతులతోను వాయించుచు, కాలి గజ్జెలు మ్రోగ అడుగులు వేయుచు, వలయాకారముగ తిరుగుచు పాడుదురు. ఇందు గాయకుడు, వాదకుడు, నర్తకుడు అను భేదము లేదు. నోట పాట, చేత దరువు, కాలున అడుగు – మూడును ఒక్కని శరీరమునందే. సుమారు నలువది యేండ్లకు పూర్వము శ్రీకూర్మమున డోలోత్సవ దినములలో అట్టి బృందమొకదాని ఆటను చూచి, బృందనాయకుని వద్ద కూర్చుండి నేను వ్రాసికొంటిని. పాట ఆమూలాగ్రము వ్రాసితిని. దరువు సొల్లులను గురులఘువులతో గుర్తించితిని. అడుగుల క్రింద కుడికాలికి ‘కు’ అనియు, ఎడమకాలికి ‘ఎ’ అనియు వ్రాసితిని. సంపూర్ణముగ వ్రాసితినని సంతోషించితిని.

చాల యేండ్లకు ఆ నాయకుని మనుమడు నన్ను వెదకికొని వచ్చెను. తాత గతించెను, ఆయనతో ఆడినవారును లేరు. తాత వేసెడి ఒక అడుగు తన బృందమునకు రాదనియు, నా పుస్తకమున నున్నదని ఎవరో చెప్పిరనియు అనెను. పుస్తకము తీసి చదివితిని. అతడు మా అరుగు ముందఱ నిలిచి నేను చదివినట్లు అడుగు వేయజొచ్చెను. రెండవ అక్షరముకడనే ఆగిపోయెను. నేను ‘కు, కు’ అని వరుసగ రెండుమార్లు వ్రాసియుంటిని. “పంతులుగారూ, ఈ రెండు కుళ్లలో ఏది దించీడం, ఏది తట్టీసి తీసీడం?” అని అడిగెను. నాకు సమాధానము లేదు. నా కన్ను నాడు చూచియే యుండును. నా కలము మాత్రము వ్రాయలేదు.

అతని ప్రశ్నలోని సూక్ష్మమును ఉదాహరణముతో చూపవచ్చును. బోధసౌకర్యమునకై అయిదు మాత్రల ఖండజాతి సొల్లును గ్రహింతము.

మాత్ర : 1 – 2 – 3 – 4 – 5
సొల్లు : త – క – త – కి – ట
పాదము : కు – కు – ఎ – కు – ఎ

ఆరంభమున బరువు ఎడమకాలిపై నున్నదనుకొందము. ఇప్పుడీ పంక్తిని రెండు విధములుగ ఆడవచ్చును. మొదటి విధమున కుడికాలు మొదటి మాత్రకు నేలను తట్టి లేచును. రెండవ మాత్రకు దిగి బరువు నందుకొనును. రెండవ విధమున కుడికాలు మొదటి మాత్రకే దిగి బరువు నందుకొనును. రెండవ మాత్రకు నర్తకుడు ఆ ఒంటికాలిమీదనే చిన్న గంతు వేయును. రెండింటను చెవికి వినబడునవి అయిదు దెబ్బలే. రెండింటను వ్రాతలో అక్షరములు ఒక్కటే. కాని మొదటిది తట్టి నడచుట, రెండవది దుముకుచు నడచుట. చూచువానికి అవి రెండు వేఱు ఆటలు. ‘కు, కు’ అను వ్రాత వాటి భేదమును చెప్పజాలదు.

3. శాస్త్రమున నున్న సామగ్రి

కాలమును గూర్చి మన శాస్త్రము చెప్పనిది లేదనదగును. లఘువు ఒక మాత్ర, గురువు రెండు, ప్లుతము మూడు. నాట్యశాస్త్రము బోధించు మార్గతాళములలో మొదటివి చచ్చత్పుటము, చాచపుటము. వాటి పేర్లే వాటి లిపి. ‘చ-చ్చ-త్పు-ట’ అను నామమును పలికినచో గురువు, గురువు, లఘువు, చివరి యక్షరము ప్లుతము – మొత్తము ఎనిమిది మాత్రలు. ‘చా-చ-పు-ట’ యనగా గురువు, లఘువు, లఘువు, గురువు – ఆఱు మాత్రలు. పేరు మఱవనివాడు తాళమును మఱవడు. నోటి పలుకే లిపిగా నుండు ఈ యుపాయము నేటి సొల్లుకట్లవరకు వచ్చినది. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిటతకధిమి ఏడు, తకధిమితకతకిట తొమ్మిది.

ఇంకొక గొప్ప భావన కూడ తాళశాస్త్రముననే గలదు. తాళక్రియలు సశబ్దములనియు నిశ్శబ్దములనియు ద్వివిధములు. శమ్య, తాళము, ధ్రువము, సన్నిపాతము శబ్దము గలవి. ఆవాపము, నిష్క్రామము, విక్షేపము, ప్రవేశము శబ్దము లేనివి. అనగా ధ్వని లేనిచోటను క్రియ యున్నదనియు, దానిని కూడ లెక్కింపవలెననియు మన శాస్త్రకారులు ఎఱుగుదురు. అడుగు విషయమునను ఇదియే ముఖ్యము. కాలు గాలిలో నున్న మాత్రయు మాత్రయే. గురువునకు అడుగు దాని ఆరంభమున పడును. మిగిలిన మాత్ర నిశ్శబ్దముగ సాగును. దెబ్బలను మాత్రమే లెక్కించువాడు ఈ రెండవ మాత్రను పోగొట్టుకొనును.

పాదమును గూర్చియు సామగ్రి తక్కువ లేదు. భరతుడు పాదమునకు అయిదు భేదములు చెప్పెను. సమము నేలపై సహజముగ నిలిచిన పాదము. ఉద్ఘట్టితము వ్రేళ్లపై నిలిచి మడమను నేలకు కొట్టునది. అంచితము మడమ నేలనుండగా వ్రేళ్లు పైకి చాచినది. కుంచితము మడమ లేచి వ్రేళ్లు ముడిచినది. అగ్రతలసంచరము మడమ లేచి బొటనవ్రేలు ముందునకు చాచినది. చారులు ముప్పదిరెండు – భౌములు పదునాఱు, ఆకాశికులు పదునాఱు. ఒక పాదము చేయు ప్రచారము చారి. రెండు పాదముల క్రమణము కరణము. కరణములు కూడి ఖండము. ఖండములు కూడి మండలము. వర్ణము, పదము, వాక్యము అనునట్టి నిర్మాణమిది. ఇందలి కరణము చారీప్రకరణమునకు సంబంధించినదే కాని, నూటయెనిమిది నృత్తకరణములలోనిది కాదని విద్యార్థులకు చెప్పవలెను.

మన దేశమునకు సంబంధించినంతవరకు జాయపసేనాని నృత్తరత్నావళి శిరోధార్యము. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి యైన జాయపుడు దీనిని 1253-54 ప్రాంతమున రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకు, తరువాతి నాలుగు దేశికి చెందినవి. డా. వి. రాఘవన్ గారు పరిష్కరింపగా ఈ గ్రంథము 1965లో మద్రాసున అచ్చయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దీనిని తెలిగించిరి. పేరణి ఆడువాని ఘర్ఘరము, అనగా కాలి గజ్జెలను అడుగులచే వివిధముగ మ్రోగించుట, శాస్త్రకారులు ప్రత్యేకాంగముగ గణించినది. గజ్జెకట్టి తిరుగు మన తప్పెటగుళ్లవానిని చూచినపుడు ఈ ప్రకరణము జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ రెండింటికి చారిత్రక సంబంధమును నేను చెప్పుట లేదు.

ఇంత యుండియు అడుగు ఎందుకు నిలువలేదు? పేరిణి చరిత్రయే దీనికి సమాధానము. శ్రీ నటరాజ రామకృష్ణగారు (1923–2011) ఆ నృత్యమును పునరుద్ధరింపబూనినపుడు నృత్తరత్నావళియు, 1213 నాటి రామప్పగుడి శిల్పములును ఆయనకు ఆధారములైనవి. శిల్పము ఒక క్షణపు భంగిమను చూపును. గ్రంథము కదలిక స్వరూపమును చెప్పును. ఒక భంగిమనుండి మఱియొక భంగిమకు ఏ మాత్రలో, ఏ కాలిమీద బరువు నుంచి వెళ్లవలెననునది పునరుద్ధర్త తన అనుభవముతో పూరింపవలసినదే. మా శ్రీకూర్మనాథుని ఆలయస్తంభములపై ఎన్నియో శాసనములున్నవి. నరహరితీర్థులవారి 1281 నాటి శాసనము అందొకటి. భూదానములు, అఖండదీపములు, దేవుని సేవకై చేసిన ఏర్పాటులు రాతిపై నిలిచినవి. దాత పేరు నిలిచినది, శకవర్షము నిలిచినది. ఆ మండపములలో ఆడినవారి అడుగు నిలువలేదు. అది గురువు నోటిలోను శిష్యుని కాలిలోను ఉండెడిది, వారితోనే పోయినది.

4. ఇతర దేశముల యత్నములు

ఇతరులు ఈ కొఱతను ఎట్లు తీర్చుకొనిరో చూచుట ఉచితము. ఫ్రాన్సు దేశమున తొయినో ఆర్బో అను మాఱుపేరుతో ఒక క్రైస్తవ మతాచార్యుడు, డెబ్బదియేండ్లకు చేరువయైన వయస్సులో, గురుశిష్య సంవాదరూపమున ఒక నృత్యగ్రంథము వ్రాసెను. అది 1589లో వెలువడినది. అందు సంగీతలిపిని నిలువుగ వ్రాసి, ఒక్కొక్క స్వరమునకెదురుగ అడుగు పేరు వ్రాసెను. కాలమునకు ఎదురుగ పాదము – ఇదియే ఆ గ్రంథపు సూత్రము. 1928లో రుడాల్ఫ్ లాబాన్ ప్రకటించిన లిపి మఱింత దూరము పోయినది. దానిని క్రిందినుండి పైకి చదువవలెను. నడుమ గీతకు కుడివైపున కుడికాలు, ఎడమవైపున ఎడమకాలు. గుర్తు ఎంత పొడవో కదలిక అంత కాలము. నడుమ గీతకు మిక్కిలి దగ్గఱ నుండు గడులు బరువును మోయు అంగమునకే ప్రత్యేకింపబడినవి. భారమును వ్రాయు గడినే ఆయన తన లిపికి నడుమ నుంచెను. నా పుస్తకమున లేనిది ఆ గడియే.

ఈ విషయము నాకు స్పష్టపడుటకు అనుకోని మార్గమొకటి తోడ్పడినది. మా గ్రామమున పుట్టి అమెరికాలో ఉద్యోగించుచున్న యువకుడొకడు డోలోత్సవమునకు వచ్చి నన్ను చూడవచ్చెను. తానచ్చట స్వింగ్ అను జంటనృత్యము నేర్చుచున్నాననియు, ‘ట్రిపుల్ స్టెప్’ అనునది లెక్కకు అందుట లేదనియు, తాళశాస్త్ర రీతిని దానిని వ్రాయవచ్చునా యనియు అడిగెను. మా అరుగు ముందఱనే అడుగు వేసి చూపెను.

ఈ నృత్యము ఆఫ్రికన్ అమెరికనుల సృష్టి. న్యూయార్కు నగరమందలి హార్లెమ్‌లో 1926లో ప్రారంభమై 1958 వరకు నడచిన సవాయ్ నృత్యశాలలో లిండీ హాప్ అను దాని ముఖ్యభేదము వికసించినది. వాద్యగోష్ఠి తాళమును నాలుగేసి దెబ్బలుగ వాయించును. ఒక్కొక్క దెబ్బ సగము సగముగ గాక, మొదటి భాగము దీర్ఘముగను రెండవ భాగము హ్రస్వముగను విడిపోవును. దెబ్బను మూడు మాత్రలుగ తలచినచో దీర్ఘమునకు రెండు, హ్రస్వమునకు ఒకటి. అనగా గురువును లఘువును. ఇది మన తిస్రగతియే.

ట్రిపుల్ స్టెప్ అనగా రెండు దెబ్బలలో వేయు మూడడుగులు. మొదటిది మొదటి దెబ్బకు, రెండవది ఆ దెబ్బలోని చివరి మూడవవంతునకు, మూడవది రెండవ దెబ్బకు పడును. తిస్రగతిలో వ్రాసినచో ఇట్లుండును.

మాత్ర : 1 – 2 – 3 – 4 – 5 – 6
అడుగు : 1, 3, 4 మాత్రలయందు
కాలము : గురువు (2), లఘువు (1), ప్లుతము (3)

ఇది చచ్చత్పుటమున మొదటి గురువు విడిచిన తరువాత మిగులు భాగమే – గురువు, లఘువు, ప్లుతము. సామ్యము సంఖ్యలో మాత్రమే. చరిత్రలో సంబంధము లేదు. అయినను ఆ యువకుడు ‘చ్చ-త్పు-టా’ అని పలుకుచు అడుగు వేయగా, అంతవరకు అందని నడక వెంటనే అందినది. అతడు సగము సగముగ అడుగు వేయుటవలన తప్పిపోవుచుండెను. లఘువునకు తగినంత ఆలస్యము చేయుట లేదు. మన పాఠశాలలో అభ్యసించిన మాత్రాజ్ఞానము సముద్రమున కావలి కాలికిని పనికివచ్చినది.

అతడు నాకు చేసిన ఉపకారము అంతకంటె పెద్దది. తన గురువు ప్రతి యడుగునకును ముందు “బరువు ఏ కాలిమీద?” అని అడుగుననియు, బరువు మార్చు అడుగును ‘స్టెప్’ అనియు, మార్చక తాకుటను ‘ట్యాప్’ లేక ‘టచ్’ అనియు వేఱు పేర్లతో చెప్పుననియు అనెను. తప్పెటగుళ్లవాని మనుమడు “దించీడమా, తట్టీసి తీసీడమా” అనిన భేదమిదియే. తెలుగున మాట లేక కాదు. అడుగు వేయుట వేఱు, కాలు తట్టుట వేఱు అని మన ఊరివారందఱు ఎఱుగుదురు. నేను వ్రాసికొనలేదు, అంతే.

5. లేఖన పద్ధతి

కావున నాలుగు పంక్తుల లిపిని ప్రతిపాదించుచున్నాను. మొదటి పంక్తి మాత్రల సంఖ్య. రెండవది సొల్లు, సొల్లు లేనిచోట గురులఘుప్లుతములు. మూడవది పాదము: కుడికి ‘కు’, ఎడమకు ‘ఎ’. పాదభేదము తెలియవలసినచోట సమము, అంచితము మొదలగు పేరును క్రింద మాటలలో వ్రాయవచ్చును. నాలుగవది భారము. బరువు ఆ కాలిమీదికి మాఱినచో ‘+’, మాఱక తాకి లేచినచో ‘×’, అదివఱకే బరువున్న కాలిమీద గంతైనచో ‘=’. అడుగు లేని మాత్రకు ‘0’.

ముందు చెప్పిన అయిదు మాత్రల అడుగు మొదటి విధమున ఇట్లగును.

సొల్లు : త – క – త – కి – ట
పాదము : కు – కు – ఎ – కు – ఎ
భారము : × – + – + – + – +

రెండవ విధమున ఇట్లగును.

సొల్లు : త – క – త – కి – ట
పాదము : కు – కు – ఎ – కు – ఎ
భారము : + – = – + – + – +

ఒక్క గుర్తుల పంక్తితో రెండు ఆటలు వేఱుపడినవి. మనుమని ప్రశ్నకు సమాధానము ఆ పంక్తిలో నుండవలసినది.

ఎడమకాలితో మొదలగు ట్రిపుల్ స్టెప్ ఇట్లుండును.

మాత్ర : 1 – 2 – 3 – 4 – 5 – 6
పాదము : ఎ – 0 – కు – ఎ – 0 – 0
భారము : + – 0 – + – + – 0 – 0

6. సరి, బేసి పరీక్ష

భారపు పంక్తి యున్నచో వ్రాత తప్పో ఒప్పో పరీక్షించు సులభోపాయమొకటి లభించును. మనిషికి కాళ్లు రెండే. బరువు మాఱిన ప్రతిసారియు ఒక కాలినుండి మఱియొక కాలికి పోవును. కావున ఒక ఆవృత్తమున ‘+’ గుర్తులు సరిసంఖ్య యైనచో తరువాతి ఆవృత్తము అదే కాలితో మొదలగును. బేసి యైనచో రెండవ కాలితో మొదలగును. ‘×’, ‘=’ లెక్కకు రావు.

తకిట యనుచు మూడడుగులు బరువు మార్చుచు వేసినచో బేసి. మొదటి ఆవృత్తము కుడితో మొదలైనచో రెండవది ఎడమతో మొదలగును. రెండావృత్తములకు గాని చక్రము పూర్ణము కాదు. తకధిమి యనుచు నాలుగు వేసినచో సరి; ప్రతిసారి కుడియే. పైన చూపిన అయిదు మాత్రల అడుగులలో దెబ్బలు అయిదైనను ‘+’ గుర్తులు నాలుగే. కావున మఱల కుడితోనే మొదలగును. అయిదింటను బరువు మార్చినచో బేసియై ఎడమతో మొదలగును. దెబ్బల సంఖ్యను చూచి తరువాతి కాలును ఊహింపరాదనుటకు ఇదియే కారణము.

స్వింగ్ నృత్యమున ఆఱు దెబ్బల మూలక్రమమును ఈ రీతిని పరీక్షింపవచ్చును. ఒక ట్రిపుల్ స్టెప్, మఱియొక ట్రిపుల్ స్టెప్, తరువాత వెనుకకొకటి ముందునకొకటిగ రెండడుగులు. పురుషుడు ఎడమతో మొదలిడినచో ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. మొత్తము ఎనిమిది మార్పులు – సరి. మఱల ఎడమతో మొదలగును. జంటలోని రెండవవారికి కాళ్లు తాఱుమాఱు, సంఖ్య ఒక్కటే. ట్రిపుల్ స్టెప్ ఒక్కటియే బేసి గనుక అది కాలిని మార్చును. రెండు కలిసినపుడు తిరిగి సరియగును.

ఇక్కడ తాళశాస్త్రపు గ్రహవిచారము కూడ ఎదురగును. ఆ సంగీతము నాలుగేసి దెబ్బలుగ, ఎనిమిదేసి దెబ్బల వాక్యములుగ నడచును. అడుగు ఆఱేసి దెబ్బలుగ తిరుగును. మొదట రెండును కలిసి బయలుదేరినను, రెండవ ఆవృత్తమున అడుగు సంగీతవాక్యపు ఏడవ దెబ్బకు మొదలగును. ఆఱు నాలుగుమార్లు, ఎనిమిది మూడుమార్లు – ఇరువదినాలుగు దెబ్బలకు గాని రెండింటి ఆరంభములు మఱల కలియవు. కృతి ఎత్తుగడయందు సమ, అతీత, అనాగత గ్రహములను బోధించిన గురువులకు ఇది క్రొత్త కాదు. కావున అడుగు ఎన్ని మాత్రలకు తిరుగునో, తాళము ఎన్ని మాత్రలకు తిరుగునో రెండును వేఱుగ వ్రాసికొనవలెను. ఒకదానిని మఱియొకదానిలో ఇమిడ్చి వ్రాసినవాడు పొరపడును.

రెండు కాళ్లతో ఒక్కసారి దూకి దిగునపుడు పై నియమము తెగిపోవును. అట్టిచోట ‘ద్వి’ యని వ్రాసి, తరువాత ఏ కాలు మొదట లేచినదో తెలిపి, అచ్చటినుండి లెక్క క్రొత్తగ మొదలిడవలెను.

7. ఆక్షేపములు

చేతిలోని ఫోనుతో ఎవ్వరైనను కదలు చిత్రమును తీసికొనుచున్న ఈ దినములలో లిపి ఎందుకని అడుగవచ్చును. చిత్రము తప్పక తీయవలెను. కాని చిత్రము ఆనాటి ఆటను మాత్రమే చూపును. నర్తకుడు ఆనాడు చేసిన వాటిలో అడుగు స్వరూపమేదో, అలంకారమేదో, ఆయాసముచే తప్పినదేదో అది చెప్పదు. వలయమున తిరుగుచున్నపుడు ముందున్నవాని వెనుక మఱియొకని కాలు మఱుగుపడును. లిండీ హాప్ చరిత్రయే దృష్టాంతము. 1941 నాటి హెల్జపాపిన్ అను చలనచిత్రమున ఆ నర్తకుల ఆట నిలిచియున్నది. అయినను 1980 దశకమున ఆ నృత్యమును నేర్వదలచిన యువకులు, తపాలాశాఖలో పనిచేయుచున్న ఫ్రాంకీ మానింగ్ (1914–2009) వంటి నాటి నర్తకులను వెదకికొని పోయిరి. చిత్రమున్నచోటను గురువు కావలసివచ్చినాడు. లిపి గురువునకు బదులు కాదు. గురువును ఏమి అడుగవలెనో అది మనకు నేర్పును. ‘+’ గుర్తు పెట్టవలెనా ‘×’ గుర్తు పెట్టవలెనా యని కలము ఆగినచోటనే ప్రశ్న పుట్టును.

రెండవ ఆక్షేపము సూక్ష్మమైనది. గురువు సరిగా లఘువునకు రెట్టింపుగనే యుండునా? ఉండదు. స్వింగ్ సంగీతమున లయ విలంబితమైనపుడు దీర్ఘహ్రస్వముల భేదము హెచ్చును. ద్రుతమైనపుడు రెండును ఇంచుమించు సమములగును. రెండు-ఒకటి యను నిష్పత్తి నడుమ నున్న ఆదర్శము. పద్యపఠనమునను గురువు గడియారముతో కొలిచినట్లు రెండు మాత్రలుండదు. అందుచేత గణవిభజన వ్యర్థము కాలేదు. లిపి కొలబద్ద కాదు, జ్ఞాపకపు గుర్తు. లయ ఎంత వేగమో ప్రక్కన మాటలలో వ్రాసినచో చాలును. చేతుల కదలిక, వలయము తిరుగు దిక్కు, ముఖభావము ఈ లిపిలో లేవు. అవియు మాటలలో వ్రాయవలసినవే.

8. సేకర్తలకు సూచనలు

జానపద కళలపై పరిశోధించు మన విద్యార్థులు పాటను వ్రాసికొనుటలో సమర్థులు; వారికి ఛందస్సు తెలియును. ఆ తెలివినే కాలివఱకు తీసికొనిపోవలెనని నా మనవి. అందులకు అనుభవముచే తోచిన సూచనలు కొన్ని.

మొదట నర్తకుని వాద్యము లేక, విలంబముగ అడుగు వేయుమని కోరవలెను. నోట సొల్లు పలుకుచు వేసినచో మేలు. ఆయన పలికిన సొల్లును ఆయన పలికినట్లే వ్రాయవలెను; శాస్త్రగ్రంథములోని సొల్లుగ దిద్దరాదు.

రెండవది భారపరీక్ష. సందేహము కలిగిన మాత్రకడ ఆగుమని చెప్పి, “ఇప్పుడు ఏ కాలు ఎత్తగలరు?” అని అడుగవలెను. ఎత్తగల కాలు ఖాళీగ నున్నది; ఎత్తలేనిదానిపై బరువున్నది. ఈ యొక్క ప్రశ్న నేను నాడు అడిగియున్నచో చాలియుండెడిది.

మూడవది ‘+’ గుర్తులను లెక్కించి సరిబేసి పరీక్ష చేయవలెను. రెండవ ఆవృత్తము ఏ కాలితో మొదలగునని వ్రాత చెప్పుచున్నదో, నర్తకుడు ఆ కాలితోనే మొదలిడుచున్నాడా చూడవలెను. భేదమున్నచో నర్తకునిది తప్పని తలపరాదు. మన వ్రాతను మఱల చూడవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. వ్రాసినదానిని ఆ ఆట చూడనివాని చేతికిచ్చి అడుగు వేయింపవలెను. నర్తకుడు ఎదుట నుండగనే ఈ పని జరుగవలెను. చూడనివాడు వేసిన అడుగును చూచి నర్తకుడు తల యూపినచో ఆ వ్రాత నిలిచినట్లు. తల అడ్డముగ త్రిప్పినచో దిద్దుకొనుటకు ఇంకను వ్యవధి యున్నది.

ఆ వ్యవధి అన్నిచోట్ల ఉండదు. తప్పెట ఎదకు కట్టి వలయమున నిలువగల వృద్ధులు మన గ్రామములలో నేటికిని ఉన్నారు. వారి పాటలు కొన్ని అచ్చయినవి. వారి అడుగులు వారి కాళ్లలోనే యున్నవి. ఆ మనుమడు వెళ్లిన తరువాత నా పుస్తకమందలి ఆ పుటలో, రెండు ‘కు’ అక్షరముల క్రింద, గుర్తు పెట్టుటకు చోటు విడిచి గీత గీచితిని. పొరుగూళ్లలో తెలిసినవారిని అడిగి చూచితిని; ఒకరు దించవలెననిరి, ఒకరు తట్టవలెననిరి. ఆ చోటు నేటికిని ఖాళీగనే యున్నది.